ఆస్కాట్ కట్టిన తాబేలు

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి, వినే చెవి తప్ప. అర్జీలు పెట్టుకోవడానికి కార్యాలయం ఉండేది. వాటిని పుస్తకంలో ఎక్కించడానికి ఎలుగుబంటి గుమాస్తా ఉండేది. ప్రతి సోమవారం గోడు వినడానికి అధ్యక్షులు పెద్దపులిగారు ఉండేవారు. ఆ రోజు సభలో ఎవరినీ తినరు. మిగతా ఆరు రోజులూ ఉన్నాయిగా. కానీ మెడకు టై లేనివాళ్లను గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

టై ఎందుకని ఎవరూ అడగలేదు. ఎప్పుడో గుడారం వేసుకుని వేటాడిన ఒక తెల్లదొర పోతూ పోతూ ఓ పెట్టె వదిలేశాడు. అందులో టైలున్నాయి. అంతే, అడవికి హోదా వచ్చేసింది.

నాలుగు కాళ్ల మీద నడిచేవాళ్లకు టై ఎక్కడ వేలాడుతుంది? నేల మీద. ముందుకాలు దాన్ని తొక్కేది, మూతి నేలకు కొట్టుకునేది. అందరూ అధ్యక్షులవారి ముందుకు సాష్టాంగంగానే చేరేవారు. ప్రజలకు తనంటే ఎంత భక్తో అని పులిగారు మురిసిపోయేవారు.

ఇదంతా చూసి జ్వాల అనే కుర్ర కొండముచ్చుకు ఒళ్లు మండింది. చెట్టెక్కి అరిచింది.

"మెడ మాది, ముడి మీదా? టై అంటే తాడు! తాడంటే బానిసత్వం! డౌన్ డౌన్!"

"డౌన్ డౌన్!" అన్నాయి కింద దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు.

పులిగారు కంగారుపడి కార్యదర్శి నక్కను పిలిపించారు.

"టై తీసేస్తే పరువు పోతుందయ్యా. తీయకపోతే అడవి అంటుకునేలా ఉంది."

"తీసేద్దాం దొరా. బదులుగా ఆస్కాట్ పెడదాం." నక్క ఒక పట్టు పట్టీ తీసి చూపింది. రెండు కొసలూ అరచెయ్యంత వెడల్పు, మధ్యలో సన్నటి మడతలు. "దీన్ని మెడచుట్టూ వేసి, పొడుగు కొసను పొట్టి కొస మీదుగా తిప్పి, కిందినుంచి పైకి లాగి, ముడి కనబడకుండా ముందుకు వదలాలి. కాస్త ఉబ్బించి కొసలు లోపలికి దోపాలి. వేలాడదు, కాలికి తగలదు."

"అయితే వాళ్లకే సుఖం! మనకేంటి?"

"ఇది బిగించే ముడి కాదు దొరా, వదులు ముడి. సభలో ముడి నిలిచినవాళ్ల అర్జీకి ముద్ర పడుతుంది, జారినవాళ్ల మాట చెల్లదు అని ఒక్క రూలు పెడదాం. మీరు గాండ్రిస్తే మెడ ముడుచుకోనివాళ్లెవరు?"

పులిగారు పగలబడి నవ్వారు. "నీకు పదోన్నతి ఇవ్వాలయ్యా!"

"పోయిన సోమవారమే ఇచ్చారు దొరా."

మర్నాడు టై రద్దయింది. మెడకు స్వేచ్ఛ వచ్చిందని అడవంతా గంతులేసింది. జ్వాల మాత్రం రూలంతా చదివి మళ్లీ చెట్టెక్కింది.

"దొరకో రూలు, దుప్పికో రూలా? కడితే అందరూ కట్టాలి!"

ఆ నోరు మూయించడానికి పులిగారు కూడా ఎర్రపట్టు మీద తెల్లచుక్కల ఆస్కాట్ ఒకటి కట్టారు. నెమలి చూసి, "దొరా, ఇది మీ మెడకు తప్ప ఇంకెవరికీ నప్పదు" అంది. ఇక ఆయన నిద్రలో కూడా తీయలేదు.

సోమవారం వచ్చింది. దుప్పి "అయ్యా, మా గడ్డి..." అనేలోపు పులిగారు గాండ్రించారు. ముడి జారింది. పుస్తకంలోంచి తలెత్తకుండానే ఎలుగుబంటి, "చెల్లదు. తర్వాత!" అంది. కుందేలు ముడి చెవులకు చిక్కుకుంది. "చెల్లదు. తర్వాత!"

తర్వాత వచ్చింది పేరిందేవి అనే తాబేలు.

పేరిందేవి ఉండే గుంట ఎండిపోతోంది. పైచెరువు నుంచి నీళ్లు తెచ్చే కాలువకు అడ్డంగా, పులిగారి ఈత కోసమని ఒక బండ పెట్టించారు. ఏనుగు దాన్ని తీయగలదు. కానీ ముద్ర పడ్డ కాగితం చూపిస్తే తప్ప తొండం కదపదు. గుంటలో ఆరుగురు పిల్లలు. నీళ్లు వాళ్ల వీపులు కూడా మునగనంత ఉన్నాయి. మహా అయితే ఇంకో వారం.

ఆస్కాట్ కట్టడంలో పేరిందేవిని మించినవాళ్లు లేరు. కొసలు చిప్ప అంచులోకి పొందిగ్గా దోపింది. పులిగారు గాండ్రించారు. తల లటుక్కున లోపలికి పోయింది. ఆస్కాట్ ఒక్కటే నేలమీద మిగిలింది.

"చెల్లదు. తర్వాత!"

జ్వాల ఆమెను గుంట దాకా సాగనంపుతూ, చేతిలోని సిద్ధాంతాల పుస్తకం తెరిచి ఆవేశపడింది. "పిన్నీ, భయమనేది పాలకవర్గం మన బుర్రల్లో నాటిన భావన!"

"బుర్రలో ఉంటే పీకి పారేద్దును గదే. నాది మెడలో ఉంది."

"అయితే తిరగబడు!"

"ఒసే పిల్లా, నువ్వా పుస్తకం మూసి ఇక్కడ కూర్చుని పులిలా అరిచి పెట్టు. అది చాలు."

జ్వాల అరిచింది. తల లోపలికి పోయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అరిచింది. రోజంతా తల లోపలికి పోతూనే ఉంది. అయిదో రోజుకు జ్వాల గొంతు బొంగురుపోయింది. గుంటలో నీళ్లు చిక్కబడ్డాయి.

పేరిందేవి చాలాసేపు ఆలోచించింది. "ఏదో ఒకటి లోపలికి లాక్కోకపోతే నా ప్రాణం నిలవదే. తల బదులు కాళ్లు లాక్కుంటే?"

"సిద్ధాంతంలో అలా ఎక్కడా లేదు పిన్నీ!"

"సిద్ధాంతానికి చిప్ప లేదుగా. అరిచి చూడు మరి."

సోమవారం పేరిందేవి సభలో నిలబడింది. పులిగారు గాండ్రించారు. నాలుగు కాళ్లూ లోపలికి పోయి, ఒళ్లు టప్పున నేలకు కరుచుకుంది. తల మాత్రం అలాగే నిలిచింది. ముడి నలగలేదు.

"అయ్యా, బండ తీయించాలి" అంది.

ఇలాంటిది పులిగారు ఎన్నడూ చూడలేదు. ఇంకా గట్టిగా గాండ్రించారు.

"పిల్లలు ఆరుగురండయ్యా. బురదలో ఉన్నారు."

సభలో ఉన్న దుప్పులు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పులిగారు ఉన్న ఊపిరంతా కూడగట్టి, గొంతు ఉబ్బేలా మూడోసారి గాండ్రించారు. ఎర్రపట్టు సడలి, మెల్లగా జారి, ఆయన పంజాల మీదే పడింది.

"బండ తీసే ప్రసక్తే లేదు!" అని ఆయన అరిచారు.

ఎలుగుబంటికి పట్టు జారిన చప్పుడు వినబడింది. జారింది ఎవరిదో అది చూడలేదు. చూడటం దాని ఉద్యోగం కాదు, జారినప్పుడు వినబడ్డ మాటను కొట్టేయడమే ఉద్యోగం.

"ముడి జారింది. మాట చెల్లదు. తర్వాత!" అని, ఆ "ప్రసక్తే లేదు"ను కొట్టేసి, ఇక మిగిలిన పేరిందేవి అర్జీ మీద ధనామని ముద్ర కొట్టింది.

మధ్యాహ్నానికి ఏనుగు బండ తీసేసింది. ఆరుగురు పిల్లలూ కొత్తనీళ్లలో మునిగి తేలారు. జ్వాల గట్టుమీద నినాదమివ్వబోయింది గానీ గొంతు పెగల్లేదు. చప్పట్లతో సరిపెట్టుకుంది.

మర్నాడు ప్రజల సౌకర్యార్థం ఆస్కాట్ రద్దయింది. నక్కను, మెడలున్నవాళ్లెవరూ రాని పుట్టగొడుగుల శాఖకు బదిలీ చేశారు.

నీతి: పాలకులారా, ప్రజలకు పెట్టిన రూలును మీరు పొరపాటున కూడా పాటించకండి, పాటిస్తే ప్రజాస్వామ్యం వచ్చి మీద పడుతుంది.