సముద్రం వెర్షన్

మొగల్తూరు దగ్గరి ఒక పల్లెపాలెంలో ప్రజలకూ సముద్రానికీ మధ్య దూరం గణనీయంగా తగ్గిందని 'డెల్టా దివిటీ' దినపత్రిక గురువారం తన పాఠకులకు సంతోషంతో తెలియజేసింది.

ఆ వార్త పంపింది విలేకరి ప్రసన్నకుమార్. అతను పంపినదాంట్లో ఊరి పేరు ఒక్కటే మారకుండా అచ్చయింది. "వేడెక్కి ఉప్పొంగిన సముద్రం మూడిళ్లను మింగేసి నాలుగో ఇంటి గుమ్మం దాకా వచ్చింది" అని అతను రాశాడు. నాలుగో ఇల్లు చేపలమ్ముకునే మరిడమ్మది. అది కూడా పోకముందే ఊళ్లో ఇంటిస్థలం ఇప్పించమని ఆమె అర్జీ పెట్టుకుంది. అర్జీకి పేపరు కటింగ్ జతచేస్తే తప్ప సముద్రం వచ్చినట్టు ఆఫీసువారు ఒప్పుకోరు.

రాజమండ్రి డెస్కు నుంచి సబ్ ఎడిటర్ జానకిరామ్ గారు ఫోన్ చేశారు.

"మింగేసింది అంటారేంటండీ? అది పాఠకుణ్ణి ఒకవైపు లాగే మాట. పైగా సముద్రం వెర్షన్ తీసుకున్నారా?"

"సముద్రం ఏం చెబుతుందండీ?"

"అవతలివాళ్ల మాట లేకుండా వార్త ఎలా వేస్తామండీ?"

నిష్పాక్షికత అంటే జానకిరామ్ గారికి ప్రాణం. ఆయన పూనికతో 'కోత' కాస్తా 'తీరరేఖ సర్దుబాటు' అయింది. ముంపు జలసమృద్ధి అయింది. వడగాడ్పును అప్పటికే 'ఉత్సాహభరితమైన వేసవి'గా మార్చి ఉన్నారు. సమతూకం కోసం ఒక వాతావరణ శాస్త్రవేత్తనూ, బీచ్ ప్లాట్లు అమ్మే చలపతి గారినీ అభిప్రాయం అడిగారు. శాస్త్రవేత్తకు రెండు లైన్లు, చలపతి గారికి అరపేజీ దక్కాయి. మిగతా అరపేజీలో ఆయన ప్రకటనే ఉంది. 'మీ గుమ్మంలోనే సముద్రం' అన్న శీర్షిక దానికీ వార్తకూ ఉమ్మడిగా సరిపోయింది.

ఇంకో కటింగ్ లేదు కాబట్టి మరిడమ్మ దాన్నే జతచేసింది. ఆఫీసరు గారు చదివి ఆమెను మనసారా అభినందించారు.

"దీనికోసం జనం లక్షలు పోస్తున్నారమ్మా! మీరేమో వదిలేసి పోతానంటారు. సరే, పేపర్లో పడ్డ ఫొటో ఏదైనా తెండి, చూద్దాం."

ప్రసన్నకుమార్‌కు సిగ్గేసింది. ఫొటో తీయడానికి ఆదివారం తనే వెళ్లాడు. అప్పటికే వార్త చదివి ఆనందించిన పాఠకులు కార్లలో దిగి ఉన్నారు. ఆ ఉదయమే వంటింటి గోడ కూలింది. మోకాల్లోతు నీళ్లలో మరిడమ్మ గిన్నెలు ఏరుకుంటోంది.

"కొంచెం పక్కకి జరగండమ్మా, సముద్రం కనబడట్లేదు" అంది ఫోన్ పట్టుకున్న ఒకావిడ.

"ఇప్పటికే మూడు మాట్లు ఎనక్కి జరిగేనండి. ఇంక ఎనకాల జాగా లేదండి" అంది మరిడమ్మ. అయినా జరిగింది.

ప్రసన్నకుమార్ తీసిన ఫొటోలో మరిడమ్మ ఏడుస్తోంది. అది పాఠకుల మనసు మార్చేలా ఉందని డెస్కు పక్కన పెట్టేసింది. ఫోన్ ఆవిడ తీసింది మాత్రం పాఠకుల ఫొటోల పోటీలో మొదటి బహుమతి పొంది రంగుల్లో అచ్చయింది. మరిడమ్మ దాన్నే పట్టుకెళ్లి ఇస్తే ఆఫీసరు గారు కళ్లజోడు పెట్టుకుని మరీ పరిశీలించారు. ఇల్లు గానీ మనిషి గానీ కనబడనందున నష్టమేమీ లేదని రాసి అర్జీ మూసేశారు.

ఆ ఫొటో మీ ఫోన్‌కూ వచ్చే ఉంటుంది. ఎంత బాగుందో అని మీరు ఎంతమందికి పంపారో ఒకసారి చూసుకోండి.