డౌన్‌లోడ్ దొరకని వెబ్‌సైటు వర్ధిల్లాలి

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, మావారు పోయిన తర్వాత. అందుచేత ఒత్తు ఉండాల్సిన చోట లేకపోతే మీ దగ్గరున్నది ఒకటి పెట్టుకుని చదువుకోండి. రాయడం కూడా నిదానమే. ఈ నాలుగు ముక్కలు మొదలుపెట్టినప్పుడు మామిడి పూత మీద ఉంది, ఇప్పుడు కాయలు జాడీలో ఊరుతున్నాయి. తప్పులనీ ఆలస్యాన్నీ కలిపి ఒకేసారి క్షమించెయ్యండి.

ఇక విషయం. వెతుక్కుంటూ వచ్చిన వస్తువొక్కటి తప్ప మిగతావన్నీ దొరికే వెబ్‌సైటు ఈ కాలానికి దక్కిన గొప్ప వరం. నవ్వకండి, నిజంగానే అంటున్నాను.

కావలసింది వెంటనే దొరికితే ఏమవుతుంది? మనిషి తీసుకుని వెళ్లిపోతాడు. ఒక పలకరింపు లేదు, ఒక పరిచయం లేదు. అదే దొరకలేదనుకోండి. వెతుకుతాడు. వెతికేకొద్దీ చదువుతాడు. చదివేకొద్దీ పెద్దల పేర్లు తెలుస్తాయి. ఓర్పు పెరుగుతుంది. చివరికి తను దేనికోసం వచ్చాడో మర్చిపోయి ప్రశాంతంగా ఇంటికి వెళతాడు. కోరిక లేని స్థితికి చేరడానికి మహర్షులు అడవులకు పోయారు. మాకు తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్ చాలు.

కృష్ణతేజ అని మా ఊరి ఇంజనీరు ఒకతను, మామూలు కీబోర్డు మీదే తెలుగు టైపు అయ్యే ప్రోగ్రాం రాశాడు. దానికి బలపం అని పేరు పెట్టి లోకానికి ఉచితంగా వదిలేశాడు. ఉచితం అంటే వస్తువొక్కటే కాదట. దాన్ని ఎలా తయారుచేశాడో ఆ సంగతంతా కూడా బయటపెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేసి మళ్లీ నలుగురికీ పంచవచ్చు. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. కూర గిన్నెతో పాటు కూర వండే పద్ధతి కూడా పక్కింటికి పంపెయ్యడమన్నమాట.

వస్తువు తయారైంది. దాన్ని జనానికి అందించే వెబ్‌సైటునీ, ఎలా వాడాలో చెప్పే పేజీలనీ చూసుకోవడానికి స్వచ్ఛంద సేవకులు కావాలని పేపర్లో చిన్న ప్రకటన వేశాడు. ఆ తర్వాత ఏదీ చిన్నగా జరగలేదు.

తెనాలి నుంచి రిటైర్డ్ లెక్చరర్ చంద్రశేఖరం గారు వచ్చి అధ్యక్షులయ్యారు. బాపట్ల నుంచి రిటైర్డ్ హెడ్మాస్టరు దేవసహాయం గారు వచ్చారు. రేపల్లె నుంచి భరద్వాజ వచ్చాడు. భరద్వాజ రోజూ పాసింజరు బండిలో వచ్చి మా ముందు వాటాలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాడు. అందుకని మీటింగులు అక్కడే. టీలు అందిస్తూ ఎలాగూ వింటున్నాను కదా అని నన్నూ సంఘంలో వేసుకున్నారు. నా పదవి పాఠకుల ప్రతినిధి. నాకంటే నెమ్మదిగా చదివే మనిషి మూడు ఊళ్లలోనూ దొరకలేదట.

ఎవరికీ జీతం బత్తెం లేదు. ఎండనపడి వస్తారు. సొంత ఖర్చులతో తిరుగుతారు. ఇలాంటి మనుషుల్ని ఎవరైనా ఒక మాట అనగలరా? అందుకే ఎవరూ ఏమీ అనలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు వెబ్‌సైటుని మూడు ఊళ్లకీ పంచారు. మొదటి పేజీ తెనాలికి, సహాయం పేజీలు బాపట్లకి, సంప్రదించవలసిన చిరునామాల పేజీ రేపల్లెకి. ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. కంప్యూటరు తెరకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. కత్తెర అందుకున్న పెద్దమనిషి రిబ్బనుతో పాటు మౌసు తీగని కూడా కత్తిరించారు. ఫోటో మాత్రం చక్కగా వచ్చింది.

కృష్ణతేజ మొదటి రోజే మొదటి పేజీకి నడినెత్తిన పెద్ద బటన్ పెట్టాడు, బలపం కావాలంటే ఇక్కడ నొక్కండి అని. చంద్రశేఖరం గారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

"అధ్యక్షుడి ఫోటో మీద బటన్ ఏంటయ్యా?"

"మీద కాదండి. పైన."

"అదే నేననేది. పైనెందుకుండాలి?"

బటన్ ఫోటో కిందికి దిగింది. మరి ఉపాధ్యక్షుల వారు ఊరుకుంటారా? వారి కిందికి దిగింది. తర్వాత గౌరవ సలహాదారుల కిందికి, ప్రారంభోత్సవానికి కుర్చీలు ఇచ్చిన దాతల కిందికి, మైకుసెట్టు వారి కిందికి. మీటింగు జరిగినప్పుడల్లా కొత్త పేర్లు చేరేవి, బటన్ మరికాస్త దిగేది. దిగి దిగి ఒకరోజు పేజీ అడుగునుంచి జారి, రేపల్లె వారి చిరునామాల పేజీలో పడింది.

ఆ పేజీలో "పని జరుగుతోంది" అని బోర్డు ఉంటుంది. పక్కనే పలుగు పట్టుకున్న బొమ్మ మనిషి తవ్వుతూ ఉంటాడు. సైటు పుట్టినప్పటినుంచీ తవ్వుతూనే ఉన్నాడు. మా సంఘంలో నిజంగా పని చేస్తున్న స్వచ్ఛంద సేవకుడు అతనొక్కడే. ఆ పేజీ తయారయ్యేదాకా అందులో ఏమున్నా బయటికి కనిపించదు.

సహాయం పేజీల సంగతీ చెప్పాలి. దేవసహాయం గారు వాటిని మీటింగులో చదివి వినిపించేవారు.

"బలపం ప్రింటు కూడా తీయును అని రాశాను," అన్నారు ఒకసారి.

"తీయదండి," అన్నాడు కృష్ణతేజ.

"తీయదు అని రాస్తే చదివేవాడికి నిరుత్సాహం కదా బాబూ."

"లేనిది రాస్తే ఎలాగండి?"

"తీర్మానం అయిపోయింది. నువ్వే తీసేట్టు చెయ్యి."

అలా మా సహాయం పేజీల్లో బలపం ప్రింటు తీస్తుంది, లెక్కలు కడుతుంది, జాతకం కూడా వేస్తుంది. జాతకం నా కళ్లముందే ఓటింగులో నెగ్గింది. ఆ సాయంత్రమే కృష్ణతేజ చెప్పులు తొడుక్కున్నాడు. కొన్నాళ్లకి ఉద్యోగం మీద విశాఖపట్నం వెళ్లిపోయాడు. అతని ఫోన్ నంబరు మా దగ్గర భద్రంగా ఉంది. చిరునామాల పేజీలో.

ఇంత అభివృద్ధి జరిగాక కృపమ్మ వచ్చింది.

కృపమ్మది కర్లపాలెం. నేనూ అటువైపు ఉన్న రోజుల్లో రాత్రి బడిలో నా పక్క పలక ఆవిడదే. భర్త లేడు. ఇన్నాళ్లూ కూలికి వెళ్లింది, ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదు. బాపట్లలో వాళ్ల చర్చిలో ఆదివారం ప్రకటనల కాగితం తెలుగులో టైపు చేసే పని ఉంది. కంప్యూటరు వాళ్ల ఆఫీసులోనే ఉంది. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం లోపల టైపు చేసి చూపిస్తే పని నీదేనన్నారు పాస్టరు గారు, లేకపోతే డీటీపీ షాపుకి ఇచ్చేస్తామన్నారు. నీడపట్టున కూర్చుని చేసుకునే పని ఆవిడకి జీవితంలో మొదటిసారి ఎదురొచ్చింది. దానికి కావలసింది బలపం. బలపం సంఘంలో నేనున్నాను. ఇంకేం, రైలెక్కి తెనాలి వచ్చేసింది.

ఇద్దరం కంప్యూటరు ముందు కూర్చున్నాం. సైటు తెరవగానే తెర మీద దీపం వెలిగి సన్నాయి మేళం మోగింది. సెంటర్లో ఉన్నవాళ్లంతా పెళ్లికూతురు వచ్చిందేమోనని మావైపు తిరిగి చూశారు.

"వదినా, ఇదేంటి, ఎక్కడ నొక్కినా ఒకాయన ఫోటో వస్తోంది?"

"మా అధ్యక్షులు."

"నాకాయన వద్దు. బలపం కావాలి."

"ముందు వారి సందేశం చదవాలి కృపమ్మా."

"చదివాను. తెలుగు లిపి రాతి మీద ఎలా పుట్టిందో చెప్పారు. నా పని కంప్యూటరు మీద కదా."

కనిపించినవన్నీ నొక్కింది. బొమ్మ మనిషి దగ్గరికి వెళ్లి ఆగింది. అతను తవ్వుతూనే ఉన్నాడు. "ఈయనకన్నా తెలుసేమో" అని అతని మీద కూడా నొక్కింది. చివరికి సలహాల పెట్టెలో, ఒక్కో అక్షరం ఏరుకుంటూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టింది: బలపం ఎక్కడుందండీ?

మా సంఘం చరిత్రలో వచ్చిన మొట్టమొదటి ప్రశ్న అది. ఎంత కలకలం రేగిందో చెప్పలేను. ఈసారి రేపల్లెలోనే అత్యవసర సమావేశం పెట్టారు. జవాబు ఏ ఊరు చెప్పాలి? ప్రశ్న పుట్టింది తెనాలిలో, అడిగిన మనిషిది బాపట్ల వైపు, వస్తువున్నది రేపల్లె పేజీలో. పెసరట్లు వచ్చాయి, కాఫీలు వచ్చాయి, ఉపసంఘం కూడా వచ్చింది. చివరికి ఏకగ్రీవంగా తీర్మానించారు, ప్రశ్న అడిగిన కృపమ్మ గారిని సన్మానించాలని.

"అయ్యా, ఆవిడకి శాలువా కాదు, ప్రోగ్రాం కావాలి," అన్నాను నేను.

"పాఠకుల ప్రతినిధిగా మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం లక్ష్మమ్మ గారూ," అన్నారు చంద్రశేఖరం గారు.

కృపమ్మని రేపల్లె పిలిపించి పూలదండ వేశారు, శాలువా కప్పారు. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందు నిలబడి ఆవిడ ఒక్క మాటే అంది.

"ఇంతకీ అదెక్కడుందండీ?"

హాలంతా చప్పట్లు. ఎంత లోతైన ప్రశ్న అని దేవసహాయం గారు కళ్లు తుడుచుకున్నారు.

కృపమ్మ తిరుగు బండిలో శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "మట్టల ఆదివారం దగ్గరికి వచ్చేసింది వదినా" అంది.

అయితే సన్మానం ఫోటోలు సైటులో పెట్టాం కదా. కింద ఆవిడ అన్న మాట కూడా వేశాం. విశాఖపట్నంలో కృష్ణతేజ కంట పడింది. అతను ఆ పూటే వేరే పేజీ ఒకటి తయారుచేశాడు. తెల్లటి పేజీ. సన్నాయి లేదు, దీపం లేదు, బొమ్మ మనిషి లేడు. "బలపం కావాలంటే ఇక్కడ నొక్కండి" అని ఒక్క వాక్యం. ఆ పేజీ అడ్రసు మా సలహాల పెట్టెలో వేసి, ఆవిడకి అందజేయండి అని రాశాడు.

భరద్వాజ దాన్ని మీటింగులో చదివాడు. చంద్రశేఖరం గారి ముఖం ఎర్రబడింది.

"ఎవరి పేరూ లేదు. అధ్యక్షుడు లేని పేజీ కూడా ఒక పేజీయేనా?"

"అందులో వాడిన తెలుగులో సమాసమే లేదు," అన్నారు దేవసహాయం గారు బాధగా.

తీవ్రంగా ఖండించాలని తీర్మానం చేశారు. పాఠకుల ప్రతినిధి అభిప్రాయం అడిగారు. ఇన్నాళ్లకి అడిగారు.

"ఖండించాల్సిందేనండి," అన్నాను. "కానీ దేన్ని ఖండిస్తున్నామో చదివేవాళ్లకి తెలియాలి కదా. ఆ అడ్రసు కూడా వేస్తే బాగుంటుందేమో."

"వేద్దాం. నా ఫోటో కింద వేయించు భరద్వాజా."

"మీ ఫోటో కింద ఖండన ఉంటే, ఖండించింది మిమ్మల్నే అనుకుంటారేమోనండి," అన్నాను నేను.

అధ్యక్షుల వారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"అయితే పైన వెయ్యండి," అన్నారు చంద్రశేఖరం గారు. "బాగా పైన. పెద్ద అక్షరాలతో."

భరద్వాజ నావైపు ఒకసారి చూసి, "అలాగే పిన్నిగారూ" అన్నాడు. అనుమతి ఇచ్చింది నేను కాకపోయినా.

అలా మా వెబ్‌సైటు నడినెత్తిన, అధ్యక్షుల వారి కంటే పైన, ఎర్రటి పెద్ద అక్షరాలతో, ఈ కింది పేజీని ఎవరూ నొక్కరాదు అన్న హెచ్చరికతో సహా, డౌన్‌లోడ్ వెలసింది. కృపమ్మ నొక్కింది. ఆవిడే కాదు, కాకుమాను నుంచీ పొన్నూరు నుంచీ ఎవరెవరో నొక్కారు. వచ్చినవాళ్ల సంఖ్య చూపించే మీటరు మొదటిసారి కదలడం చూసి భరద్వాజ అది చెడిపోయిందనుకున్నాడు.

మట్టల ఆదివారం నాటి ప్రకటనల కాగితం కృపమ్మే టైపు చేసింది. పని ఆవిడకే ఇచ్చారు. ఆ కబురు చెప్పగానే చంద్రశేఖరం గారు కుర్చీలో వెనక్కి వాలి, "మన ఖండన వల్లే కదమ్మా ఆవిడకి పని దొరికింది" అన్నారు. ఆలోచిస్తే అక్షరాలా నిజం. మా పెద్దలకి ప్రేమ పుడితే శాలువా వస్తుంది. అడిగింది అడిగినట్టు రావాలంటే వారికి కోపమే రావాలి.

అందుకే అంటున్నాను, మా వెబ్‌సైటు వర్ధిల్లాలి. ఈ మధ్య కొత్త తీర్మానం కూడా అయింది. ఖండన ఇంతగా ప్రజాదరణ పొందింది కాబట్టి, దాని రచనలో పాలుపంచుకున్న వారి పేర్లు దాని పైన వేస్తారట. అడ్రసు ఇప్పటికే కాస్త కిందికి దిగింది. కావలసిన వాళ్లు త్వరపడండి.

నా బాధ చిన్నది. చదువు రాని రోజుల్లో స్టాపు దగ్గర బోర్డు చదవలేక బస్సు పోగొట్టుకునేదాన్ని. ఇప్పుడు చదువొచ్చింది. బోర్డు ముందు నిలబడి అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. బోర్డు ఎవరి జ్ఞాపకార్థమో వారి పేరు, పెట్టించిన కొడుకుల పేర్లు, కోడళ్ల పేర్లు, ఆవిష్కరించిన వారి పేరు. అన్నీ తప్పు లేకుండా చదివి తలెత్తేసరికి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. అది ఏ ఊరి బస్సో మాత్రం ఆ బోర్డు మీద ఉండదు.

కొల్లా లక్ష్మమ్మ,
వయసు అరవై ఒకటి,
ఇప్పుడుంటున్నది తెనాలి, ఇంటర్నెట్ సెంటర్ వెనక వాటా.