పేర్లు మార్చిన పూట

కూతురి ఈత పోటీ పదకొండింటికి. "ఈసారి కూడా రాకపోతే నీతో మాట్లాడనంతే నాన్నా!" అని ఆ పిల్ల రాత్రే తేల్చి చెప్పేసింది. ఇంతకుముందు ప్రతి పోటీకీ ఆఫీసే అడ్డుపడింది మరి. అందుకే ప్రోగ్రామరు తెల్లారగానే వచ్చి సీట్లో వాలాడు. ఉన్నది ఒకటే పని. ఆటల పోటీలు నడిపే తమ సాఫ్ట్‌వేర్‌లో, వివరాలుండే గడులకు మధ్యమధ్య గీతలు పెట్టి ఇంగ్లీషులో రాసిన పేర్లన్నిటినీ గీతలు తీసి కలిపి రాయాలి.

దానికో ఫంక్షనల్ లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు మూట, దొరికింది. ముక్కలు చేసేది ఒక ఫంక్షను, పెద్దక్షరం పెట్టేది ఇంకొకటి, అతికించేది మరొకటి. గొలుసులా తగిలిస్తే చాలు, పాత పేరు జోలికి పోకుండా కొత్త పేరు చేసి చేతిలో పెడుతుంది.

"పాతది చెక్కుచెదరదు," అన్నాడు గర్వంగా పక్క సీటు అమ్మాయితో.

"మరి పాతదాని మీదే కొత్తది రాసేస్తున్నారు కదా గురువుగారూ?"

"అది లైబ్రరీ కాదమ్మా, నేను."

"నా భయం కూడా అదే."

బటన్ నొక్కేశాడు. ప్రోగ్రాములో పేర్లు మారాయి, డేటాబేసులో మారలేదు. పేరు మార్చుకున్న పిల్లాణ్ణి హాజరులో పాత పేరుతో పిలిస్తే పలుకుతాడా? ఎక్కడెక్కడి ఆటల క్లబ్బుల్లోనో తెరలు ఖాళీ అయ్యాయి. ఫోన్లు మోగడం మొదలైంది.

ప్రోగ్రామరు గుట్టుచప్పుడు కాకుండా ప్రోగ్రాములో పాత పేర్లు పెట్టేశాడు. ఆ ఫోన్ల మోత భరించలేక పక్క సీటు అమ్మాయి అప్పుడే డేటాబేసులో కొత్త పేర్లు పెట్టేసింది. మళ్లీ ఖాళీ! ఇతను కొత్తవి పెట్టాడు. తనవల్లే చెడిందేమోనని ఆమె పాతవి పెట్టింది. ఆమె ముందే హెచ్చరించిందని ఇతనికి సిగ్గు. అడక్కుండా డేటాబేసు ముట్టుకున్నానని ఆమెకు దడ. ఎవరు చేసింది వాళ్లు దాచుకున్నారు.

"ఎవరు కెలికారు?" మేనేజరు ఊడిపడ్డాడు. "ఇది తేలేదాకా ఒక్కరూ కదలడానికి వీల్లేదు!"

"నేను కాదు సార్," అన్నారిద్దరూ ఒకేసారి.

గడియారం పదకొండు దాటింది. ప్రోగ్రామరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్య ఫోను వస్తే ఎత్తే ధైర్యం లేక కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాడు. ఇక ఆగలేకపోయాడు.

"నేనే సార్! ఉద్యోగం తీసేస్తే తీసేయండి, నా కూతురు నాతో మాట్లాడటం మానేస్తుంది!"

"నేనూ మార్చాను సార్," అంది అమ్మాయి, ఏడుపు గొంతుతో.

మేనేజరు దగ్గాడు. "ఇంటి దగ్గర్నుంచి... నేను కూడా ఓసారి అటూ ఇటూ తిప్పాన్లే."

తిలాపాపం తలా పిడికెడు. ముగ్గురూ ఒకే తెర ముందు కూర్చుని, రెండు వైపులా పాత పేర్లే పెట్టారు. అన్నీ పలికాయి. ప్రోగ్రామరు చెప్పులో కాలు సరిగ్గా పెట్టకుండానే పరుగెత్తాడు.

ఈతకొలను దగ్గర పిల్లలు తువ్వాళ్లు కప్పుకుని వణుకుతూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. నాన్నను చూసి కూతురు ఎగిరి గంతేసింది.

"ఇంకా మొదలవ్వలేదా?"

"అది చెబుదామనేగా ఫోన్ చేసింది!" అంది భార్య. "ఏదో సాఫ్ట్‌వేరు చెడిందట, పిల్లల పేర్లే కనబడలేదు. ఇప్పుడే వచ్చాయి. ఎవడో తలమాసినవాడు చేసుంటాడు."

విజిల్ మోగింది. కూతురు నీళ్లలోకి దూకింది.

"ఎవడో గానీ," అన్నాడు ప్రోగ్రామరు చప్పట్లు కొడుతూ, "పిల్లలున్నవాడై ఉంటాడు."