సర్వర్ గారు సీటులో లేని పది నిమిషాలు

ఈ ఏటి పదోన్నతుల జాబితాలో జిల్లా ఆనవాళ్ల శాఖ కార్యాలయంలోని సర్వరుకు జాయింట్ డైరెక్టరుగా ప్రమోషన్ వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. సీనియారిటీని ఉద్యోగంలో చేరిన తేదీ ప్రకారం లెక్కవేస్తారు. ఆ కార్యాలయంలో సర్వరు కంటే ముందు చేరినవాళ్లంతా రిటైరయ్యారు. అది ఒక్కరోజు సెలవు పెట్టలేదు, దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు, సాయంత్రం ఐదయినా సీటు వదిలి ఎరగదు. డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసయిందా అని కమిటీలో ఒకాయన అడిగితే, ఆ ఫలితాలు ఇచ్చేదే అది కదండీ అని పక్కాయన అన్నాడు. అంతటితో ఆ చర్చ ముగిసింది.

మర్నాడు సర్వరు బీరువాకు ఇత్తడి నేమ్‌ప్లేటు బిగించారు. పైన తెల్లటి టర్కీ తువ్వాలు పరిచారు. ఏసీ ముందునుంచీ ఉంది కనుక దానికోసం కొత్తగా రాయాల్సిన పని పడలేదు. సిబ్బంది 'సర్వర్ గారు' అనడం మొదలుపెట్టారు. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువైన రోజున 'ఇవాళ మూడ్ బాగాలేదు' అని ఫైళ్లు వాయిదా వేసుకునేవారు. చప్పుడు తగ్గిన రోజున కూడా ఎందుకైనా మంచిదని వాయిదా వేసుకునేవారు.

సర్వర్ గారి పని చిన్నదే. జిల్లాలో ఏ రేషను దుకాణంలో ఎవరు వేలు పెట్టినా ఆ వేలిముద్ర ఇక్కడికొస్తుంది. అవును, ఈ మనిషి ఈ మనిషే అని సర్వర్ గారు అంటే బియ్యం ఇస్తారు. కాదంటే ఇవ్వరు. బోనెల తవుడమ్మ విషయంలో సర్వర్ గారు ఏడాదిగా కాదనే అంటున్నారు.

తవుడమ్మ ఊహ తెలిసినప్పటినుంచీ జీడిపప్పు ఫ్యాక్టరీల్లో గింజలు కొట్టింది. జీడి సొన ఆమె వేళ్లమీది గీతలన్నిటినీ తినేసింది. ఇప్పుడవి చింతగింజల్లా నున్నగా ఉంటాయి. 'కాదంటున్నది నేను కాదమ్మా, సర్వరు. పోయి దాన్నే అడుగు' అని రేషను డీలరు విసుక్కున్నాడు. ఆయన మాటవరసకన్నాడు. తవుడమ్మ మాత్రం మొదటి బస్సెక్కి వచ్చేసింది. అప్పట్నుంచి రోజూ వస్తోంది. వరండాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలు పెట్టి చూసుకుంటుంది. రావడం మానాలని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

సర్వర్ గారి ఆలనాపాలనా చూసేది వినోదిని అనే ఇంజనీరు. ఔట్‌సోర్సింగు ఉద్యోగం, ఏడాదికోసారి కాంట్రాక్టు. దుమ్ము దులపడం, పాడైన డిస్కులు మార్చడం, కంపెనీ పంపే దిద్దుబాట్లు ఎప్పటికప్పుడు ఎక్కించడం ఆమె పనులు. వాటిని ప్యాచ్‌లంటారు. మధ్యాహ్నం తన కేరేజీలోంచి తవుడమ్మకి కాస్త పెట్టేది. ఒకరోజు ముసలామె చెయ్యి పట్టుకుని తిప్పి చూసి, "నీ వేలు పట్టేలా చేసే పూచీ నాది పెద్దమ్మా" అంది. అనాలోచితంగా అన్న మాట కాదది.

ఆ మాటన్న నెలకి నిజంగానే కంపెనీనుంచి ప్యాచ్ వచ్చింది. అరిగిపోయిన వేళ్లను కూడా గుర్తుపడుతుందట. అయితే ముందు ఫర్మ్‌వేర్ మార్చాలి. యంత్రం కళ్లు తెరవగానే తనెవరో తనకు గుర్తుచేసే మూల ప్రోగ్రాము అది. దానిమీద ప్యాచ్ వేయాలి. ఆ తర్వాత ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. మొత్తం పది నిమిషాల పని. వినోదిని సంబరంగా లోపలికెళ్లి బటన్ మీద వేలు పెట్టింది. సూపరింటెండెంటు కామేశ్వర పట్నాయక్ గారు వెనకాలే పరుగెత్తుకొచ్చారు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఆపి మళ్లీ ఆన్ చేయాలి సార్."

"ఎవర్ని? జేడీ గారినా? ఆఫీసర్ని ఆపడమంటే సస్పెన్షనమ్మా. ఆ అధికారం నాకే లేదు, నీకెక్కణ్ణుంచొచ్చింది?"

పట్నాయక్ గారు చెడ్డవారు కారు. రూలు తప్పితే నిద్రపట్టని మనిషి, అంతే. ఆపకుండా చేయగలిగిందేమైనా ఉందేమో చూడమన్నారు. తెరమీద 'ఇప్పుడు అప్‌డేట్ చేయమంటారా? అవును, తర్వాత' అని ప్రశ్న వచ్చింది. వినోదిని 'అవును' నొక్కబోయింది. పట్నాయక్ గారు చెయ్యి అడ్డుపెట్టారు. సర్వర్ గారిని అడిగిన ప్రశ్నకు సర్వర్ గారే జవాబు చెప్పాలి, మరొకరు చెబితే ఫోర్జరీ అవుతుంది. ఆ ప్రశ్న తెరమీద అలాగే ఉండిపోయింది. అడిగినవారికి 'పరిశీలనలో ఉంది' అని చెప్పారు.

ఇంకొకరయితే అక్కడితో చేతులెత్తేసేవారు. వినోదినిది పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆమె శుభ్రమైన తెలుగులో అర్జీ మీద అర్జీ పెట్టింది. ఫర్మ్‌వేరును శిక్షణ కింద చూపించమంది. శిక్షణ ఇచ్చే సంస్థవాళ్లు సర్వర్ గారికి హాస్టల్లో గది కేటాయించి, దుప్పటి వెంట తెచ్చుకోవాలని రాశారు. అనారోగ్యం కింద చూపించమంది. మెడికల్ బోర్డునుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చి, బీరువాకు స్టెతస్కోపు ఆనించి విని, ఆయాసం ఉందనీ విశ్రాంతి అవసరమనీ రాసిచ్చారు. సీటు వదలకుండా విశ్రాంతి తీసుకోవాలని చివర చేర్చారు. ఈ తిరుగుళ్లతో ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. వరండాలో తవుడమ్మ బుగ్గలు లోపలికి పోతుండటం చూసినప్పుడల్లా మళ్లీ కాగితం తీసేది.

చివరికి దారి చూపించింది పట్నాయక్ గారే. ఏ ఆఫీసరైనా సీటులోంచి లేవాలంటే ఛార్జి ఇంకొకరికి అప్పగించాలి. అప్పగిస్తే నిక్షేపంగా లేవచ్చు. కనుక ఆ పది నిమిషాలకీ సర్వర్ గారి పూర్తి అదనపు బాధ్యతలు ఎవరో ఒకరు తీసుకుంటే సరిపోతుంది. ఎవరు? డిప్యూటీ డైరెక్టర్లు ఇప్పటికే తలా నాలుగైదు సీట్లకు అదనపు బాధ్యతలు మోస్తూ, ఏ సీటులోనూ కనిపించకుండా తిరుగుతున్నారు.

"నేను తీసుకుంటాను సార్" అంది వినోదిని.

"ఆలోచించుకో తల్లీ. అదనపు జీతం ఉండదు."

"పది నిమిషాలకి జీతమేంటి సార్!"

మంగళవారం మధ్యాహ్నం భోజనాల తర్వాత ఛార్జి అప్పగింత జరిగింది. కాగితాలమీద ఆమె సంతకం చేసింది. సర్వర్ గారి వెనక ఉన్న నీలంరంగు కేబులు తీసి ఆమె కుడిచేతి చూపుడువేలికి తగిలించారు. క్లిక్కున సరిగ్గా పట్టింది. బీరువామీది తువ్వాలు కుర్చీలో పరిచి ఆమెను కూర్చోబెట్టారు. జిల్లా నలుమూలలనుంచి వేలిముద్రలు రావడం మొదలైంది. "అవును. అవును. కాదు. అవును" అంటూ ఆమె చెప్పుకుపోయింది. ఎడమచేత్తో తెరమీది 'అవును' నొక్కింది, ఫర్మ్‌వేర్ ఎక్కించింది, ప్యాచ్ వేసింది, బటన్ నొక్కింది. సర్వర్ గారు ఆగి, చల్లబడి, మళ్లీ లేచారు. చెప్పినట్టే పది నిమిషాలు పట్టింది.

తవుడమ్మను పిలిచి వేలు పెట్టమన్నారు. సర్వర్ గారు క్షణం కూడా ఆలోచించకుండా, "నమస్కారం, బోనెల తవుడమ్మ గారూ" అన్నారు.

"ఓలమ్మ! నా పేరెట్టి పిల్సినాది" అని తవుడమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. వినోదినికి కళ్లు చెమర్చాయి. అంత సంతోషం ఆ ఉద్యోగంలో ఆమె ఎప్పుడూ ఎరగదు. "మరి బియ్యం ఇచ్చెయ్యమనండి సార్, ఈ కేబులు తీసి ఆయనకి పెట్టేద్దాం" అంది.

పట్నాయక్ గారు గొంతు సవరించుకున్నారు. తిరిగొచ్చిన ఆఫీసరు చేరిక రిపోర్టు ఇవ్వాలి. ఇవ్వడమైతే సర్వర్ గారు ఇచ్చారు. కాని ప్రమోషన్ వచ్చింది నాలుగో వెర్షనుకు, తిరిగొచ్చినది ఐదో వెర్షను. సర్వీసు రిజిస్టరుతో పొంతన కుదరడం లేదు. వచ్చినవారు వెళ్లినవారేనని రుజువు కావాలి. ఆనవాళ్ల శాఖలో చెల్లే రుజువు ఒక్కటే, వేలిముద్ర. సర్వర్ గారికి వేళ్లు లేవు.

పైవారికి రాశారు. పైవారు తమ పైవారికి రాశారు. ఈలోగా సర్వర్ గారిని పోస్టింగు కోసం తప్పనిసరి నిరీక్షణలో పెట్టి, పూర్తి కరెంటు, పూర్తి ఏసీ మంజూరు చేశారు. ఆయన జిల్లాలో అందరినీ గుర్తుపట్టగలరు. కాని గుర్తుపట్టే అధికారం ఇంకా రాలేదు. అంతవరకూ అదనపు బాధ్యతలు వినోదినివే.

మొదటి వారం ఆమె ధైర్యంగా పనిచేసింది. ఆఫీసుదాకా వచ్చినవాళ్లు లైను కట్టి నేరుగా ఆమె అరచేతిలోనే వేలు పెట్టేవారు. తవుడమ్మ నున్నటి బొటనవేలు తన అరచేతిలో పడగానే "అవును" అంది. తవుడమ్మకు బియ్యం వచ్చాయి. అలాంటి వేళ్లవాళ్లు, జీడి కొట్టేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు, ఇంకెందరికో వచ్చాయి. ఆ వారంలో జిల్లాలో ఎన్నో పొయ్యిలు వెలిగాయి. శనివారం ఆమెకు మెమో అందింది. ఇన్‌ఛార్జి అధికారి రోజువారీ పనులు మాత్రమే చూడాలి, కొత్త నిర్ణయాలు తీసుకోరాదు. అరిగిన వేళ్లను ఒప్పుకోవడం ఐదో వెర్షను అధికారం, ఆమెకు అప్పగించినది నాలుగో వెర్షను ఛార్జి.

"కళ్లముందు మనిషి కనిపిస్తుంటే కాదని ఎలా అనను సార్?"

"నువ్వు అవునంటే నీ ఛార్జి రద్దవుతుందమ్మా. అప్పుడు గీతలున్న వేళ్లకు కూడా బియ్యం రావు. జిల్లా అంతా పస్తే" అన్నారు పట్నాయక్ గారు.

వినోదిని ఒక రాత్రంతా ఆలోచించి ఒప్పుకుంది. కొన్నాళ్లే కదా, సర్వర్ గారు చేరేదాకా ఎలాగైనా నెట్టుకురావాలనుకుంది. ఎడమచేత్తో రిమైండర్లు రాస్తూ కుడిచేత్తో కాదంటూ వచ్చింది. తవుడమ్మకు "కాదు" అన్న ప్రతిసారీ వెంటనే గొంతు తగ్గించి, "తప్పడం లేదు పెద్దమ్మా, ఇంకొన్నాళ్లు ఓర్చుకో" అనేది. ఛార్జి అప్పగించకుండా సీటులోంచి కదలడానికి వీల్లేదు గనక అక్కడే ఉండిపోయింది. తవుడమ్మ ఎక్కడో అడిగి తెచ్చిన అంబలి ఆమెకు తాగించేది, జడ వేసేది. "నువ్వు తిన్నావా?" అని వినోదిని అడిగితే, "తినీసినాను తల్లీ" అని అబద్ధమాడేది.

వానలొచ్చాయి, వెళ్లాయి. కాంట్రాక్టు గడువు ముగిసింది. కాని సర్వరును ఉద్యోగంలోంచి తీసేసే రూలు ఎక్కడా లేదు కనుక ఆమె పర్మినెంటయినట్టే లెక్క. ఆమె ఏళ్ల తరబడి కోరుకున్నది అదే. వారానికి రెండుసార్లు మెత్తటి గుడ్డతో ఆమెమీది దుమ్ము తుడిచేవారు. రిమైండర్లు రాసే ఎడమచెయ్యి మొదట నెమ్మదించింది, తర్వాత ఒళ్లో ఊరుకుంది. వేలిముద్రలు మాత్రం ఆగలేదు. పండగ నెలల్లో మరీ ఎక్కువ. ఇన్నిటిమధ్య మొహాలు చూస్తూ కూర్చుంటే పని తెమలదని ఆమెకు అర్థమైంది.

నిన్న పొద్దున తవుడమ్మ మొదటి బస్సుకే వచ్చింది. తలుపు పక్కన నిరీక్షణలో ఉన్న సర్వర్ గారు ఎప్పటిలాగే, "నమస్కారం, బోనెల తవుడమ్మ గారూ" అన్నారు. "నమస్కారం బాబూ" అని ఆమె లైన్లో నిలబడింది. తన వంతు వచ్చాక వినోదిని అరచేతిలో బొటనవేలు పెట్టింది.

"వేలిముద్ర సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి" అంది వినోదిని.

తవుడమ్మ ఆ తర్వాతి మాట కోసం ఆగింది. అది రాలేదు. వంగి ఆమె మొహంలోకి చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. వేలు చెంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది.

"వేలిముద్ర సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి."

"నానే తల్లీ. తవుడమ్మని."

"వేలిముద్ర సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి."

తవుడమ్మ పట్నాయక్ గారి బల్ల దగ్గరకు వెళ్లి, "బాబూ, పిల్లకి ఏటో అయిపోనాది. ఆ పెద్దాయనకి సేసినట్టే ఓపాలి ఆపి, మళ్లీ లేపండి బాబూ" అంది.

పట్నాయక్ గారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఆపొచ్చమ్మా. ఆ పది నిమిషాలూ ఎవరో ఒకరు ఛార్జి తీసుకోవాలి" అని లైను వైపు తిరిగి, "మీలో ఎవరైనా తీసుకుంటారా?" అని అడిగారు.

లైన్లో అందరూ చప్పున కుడిచేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"నానుంటాను" అంది తవుడమ్మ, వేలు చాపుతూ. పట్నాయక్ గారు నీలం కేబులు తీసుకుని తగిలించి చూశారు. రెండుసార్లు చూశారు. ఆ నున్నటి వేలికి అది పట్టకుండా జారిపోయింది. ఆయన కేబులు తీసుకెళ్లి మళ్లీ వినోదిని వేలికే పెట్టారు. తవుడమ్మ వినోదిని మొహంమీద పడ్డ వెంట్రుకలు వెనక్కి సర్ది, "నువ్వేటి సేస్తావులే తల్లీ. రేపొస్తాను" అంది. కాని అక్కణ్ణుంచి కదల్లేదు.

వెనకాల ఉన్నాయన సంచీ చంకన పెట్టుకుని, గీతలు చక్కగా ఉన్న తన బొటనవేలు ముందుకు చాపాడు.

"కొంచెం పక్కకి జరగమ్మా. సర్వరు బాగానే పంజేస్తన్నాది గదా. మళ్లీ ఆగిపోయిందంటే మా పని అవ్వదు."

తవుడమ్మ పక్కకి జరిగింది.