గిటారుకు గరగర

ఆ శనివారం పొద్దున ప్రతాప్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. సాయంత్రం కుప్పంలో కాలేజీ పాటల పోటీ. మదనపల్లె నుంచి బయలుదేరి, దారిలో పుంగనూరు దగ్గర మేనమామ తోటలో ఆగి, తన ట్యూబు యాంప్లిఫయరును ఒక్కసారి పూర్తి వాల్యూములో పెట్టి చూసుకోవాలి.

ఆ పెట్టె తీరే అంత. తక్కువలో పెడితే తియ్యగా మోగుతుంది. చివరికంటా తిప్పితేనే లోపలి గాజు ట్యూబులు తట్టుకోలేక, శబ్దాన్ని చీల్చి గర్జనగా మారుస్తాయి. ఇంట్లో కాస్త పెంచగానే తల్లి సుభద్రమ్మ మెయిను ఆపేసేది. ఆ భయంతో స్టేజీ మీద కూడా ప్రతాప్ చెయ్యి ముందుకు సాగేది కాదు. వాళ్ల బృందంలో డ్రమ్ములు వాయించే రిజ్వాన్ నిన్న తేల్చి చెప్పేశాడు: "ఈసారీ జోలపాట మాదిరి వాయిస్తే నీ తావులో ముద్దుకృష్ణను పెట్టుకుంటాం. సెప్పలేదనొద్దు." అప్పటి నుంచీ ప్రతాప్‌కు కాలు నిలవడం లేదు.

తోటలో కరెంటున్న చోటు బోరు మోటారు షెడ్డు ఒక్కటే. పెట్టెను స్టార్టరు పక్కన పెట్టి, వాల్యూము చివరికంటా తిప్పి, తీగ మీటాడు. షెడ్డు రేకులు అదిరాయి. ప్రతాప్‌కు ప్రాణం లేచి వచ్చింది.

టమోటా మడిలో ఉన్న మామ చెంగయ్యకు మాత్రం ప్రాణం పోయినంత పనయింది. ఎన్నో బోర్లు ఎండిపోయాక నీళ్లు పడిన బోరు అది. ఆ షెడ్డులోంచి గర్రుమని శబ్దం వస్తే ఆ మెట్ట ఊళ్లలో ఎవరికైనా ఒకటే అర్థం.

"మోటారు కాలిపోతాండాది! రాండప్పా!" అంటూ పరుగెత్తుకొచ్చి మోటారు ఫ్యూజులు ఊడబెరికాడు. పక్క మళ్లలోని వాళ్లంతా పారలతో సహా వచ్చేశారు.

"మోటారు కాదు మామా, నా గిటారు!"

"గిటారుకు నిప్పెట్లా అంటుకునింది?" అంటూ చెంగయ్య భార్య చిన్నక్క పెట్టె వెనక్కి తొంగిచూసి గుండె బాదుకుంది. "సూడండి, లోపల ఎర్రగా మండతాండాది!"

ప్రతాప్ నోరు తెరిచేలోగా ఆమె తడిగోనె తెచ్చి కప్పేసింది. వేడి మీదున్న గాజు ట్యూబు టప్పుమని పగిలింది. ప్రతాప్‌కు ఏడుపొక్కటే తక్కువ.

చెంగయ్య నొచ్చుకున్నాడు. "బాధపడొద్దల్లుడా, మన పీర్ సాహెబ్ ఉండాడు గదా!"

పీర్ సాహెబ్ పుంగనూరులో మైకుసెట్ల మనిషి. పెళ్లయినా, ఉరుసయినా, జాతరయినా తన సెట్టులో గరగర వినపడిందంటే ఆయనకు ఆ పూట అన్నం సయించదు. ఫోను అందగానే పాత ట్యూబులు సంచిలో వేసుకుని వచ్చి పని మొదలుపెట్టాడు. ఈలోగా అత్త బలవంతం మీద ప్రతాప్ ఇంటికెళ్లి రాగిముద్ద తిన్నాడు.

తిరిగొచ్చేసరికి పీర్ సాహెబ్ మొహం వెలిగిపోతోంది. "ట్యూబు మార్చినా బాబూ. ఊరికే గరగరమంటా ఉండె, ఆ జబ్బు గూడా తీసేసినా. లోపల ఒక రెసిస్టరు వేసినా. ఇంక నువ్వు ఎంత తిప్పినా పాలమాదిరి వస్తాది."

"అది యాల తీసినారు సాహెబూ!"

"ఊరికేనే లేప్పా. మీ మామ మొగం సూసి సేసినా."

మళ్లీ విప్పించడానికి వ్యవధి లేదు. కుప్పం వైపు వెళ్లే టమోటా బండిలో, క్రేట్ల మధ్య పెట్టె ఎక్కింది. గుంత వచ్చినప్పుడల్లా ప్రతాప్ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. అయినా కుప్పంలో దించేసరికి క్రేటు మూల గుచ్చుకుని పెట్టె ముందువైపున్న స్పీకరు కాగితం నిలువునా చిరిగి ఉంది.

స్టేజీ ఎక్కేసరికి ముందు వరసలో ముద్దుకృష్ణ గిటారు సంచి ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. ఎలాగూ పోయే పరువే కదా అని ప్రతాప్ కళ్లు మూసుకుని, వాల్యూము చివరికంటా తిప్పి తీగ లాగాడు.

పీర్ సాహెబ్ చేసిపెట్టిన పాలలాంటి శబ్దాన్ని ఆ చిరిగిన కాగితం పటపటలాడిస్తూ, ట్యూబులు ఏనాడూ ఇవ్వనంత మోటు గర్జనగా బయటికి వదిలింది. కుర్రాళ్లు కుర్చీలెక్కారు. మొదటి బహుమతి ప్రతాప్ బృందానికే వచ్చింది.

"ఈ సౌండు యాడ తెచ్చినావప్పా!" అని రిజ్వాన్ అతన్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. "రేపు సాయంత్రం మదనపల్లెలో మనల్నే వాయించమంటాండారు. ఇదే సౌండు కావాలంట!"

ఆ సంతోషం పట్టలేక ప్రతాప్ తమ పాట వీడియోను మామకు పంపించాడు. చెంగయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఆ గరగర విని, పాపం, చాలా దిగులుపడ్డాడు.

మరునాడు ప్రతాప్ పొద్దెక్కాక లేచి హాల్లోకి వచ్చేసరికి, మామ పంపిన పీర్ సాహెబ్ కొత్త స్పీకరు బిగించేసి, సుభద్రమ్మ ఇచ్చిన టీ తాగుతున్నాడు.