కరకట్ట బ్రూవరీలో ఎర్ర పట్టీ

మీరంతా నా మేలు కోరేవాళ్లు కాబట్టి ఈ సంగతి నా నోటితోనే చెబుతున్నాను. మా ల్యాబు పాల్ నోటి నుంచి వింటే ఇంకో నాలుగు అబద్ధాలు కలుస్తాయి. ఉన్న నిజమే నాకు చాలినంత నష్టం చేసింది.

నా పేరు లక్ష్మీకాంత్. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. బి.ఎస్సీ. కెమిస్ట్రీ, ఫస్టు క్లాసు. ఆ సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి దేవుడి పటాల వరసలోనే, వెంకటేశ్వరస్వామికి కాస్త ఎడంగా పెట్టాను. మా ఆవిడ ఉషశ్రీ రోజూ దానికి కూడా అగరొత్తి చూపిస్తుంది. అది భక్తో ఎగతాళో పద్దెనిమిదేళ్లుగా తేల్చుకోలేకపోయాను.

ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో చెరుకు రసం తీపి కొలవడం నా ఉద్యోగం. మా నాన్న తిరుపతిరావు జీవితమంతా బెల్లం వండాడు. “నువ్వు గాజు గొట్టంలో చూసి చెప్పేది నేను పొయ్యి పక్కన నిలబడి చెబుతాను గదరా” అనేవాడు. అనడమే కాదు, చెప్పేవాడు కూడా. అందుకని నా డిగ్రీ వల్లనే అయ్యే పని, ఉత్త ముక్కుతో కాని పని ఒక్కటైనా చేసి చూపించాలని నాకొక పట్టుదల.

ఆ అవకాశం పోయిన నెలలో వచ్చింది. ల్యాబులో నా పక్క బల్ల పాల్ చెవిలో ఊదాడు.

“బెంజ్ సర్కిల్ దగ్గర కరకట్ట బ్రూవరీ అని కొత్తగా పెట్టారు సార్. బీరు అక్కడే కాచి అక్కడే పోస్తారంట. ఆదివారాలు వచ్చి సరుకు బాగుందో లేదో చెప్పే మనిషి కోసం ఓనరు వెతుకుతున్నాడు. లోపలంతా తిప్పి చూపించే టూరు ఒకటుంది, ముందు దానికెళ్లి ఆయన్ని మాటల్లో పడేయండి.”

“అర్హత?”

“ముక్కూ నాలుకా ఉండాలంట.”

“డిగ్రీ కూడా ఉన్నవాడు వెళితే?” అన్నాను. పాల్ తన గాజు గొట్టాల మీదికి వంగిపోయాడు. గౌరవంతో అనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆన్‌లైనులో టూరు బుక్ చేశాను. ఇక మిగిలింది ఉషశ్రీ. ఆవిడ దృష్టిలో బీరు తాగేవాడికీ, రోడ్డు పక్క కాలవలో పడుకునేవాడికీ మధ్య దూరం ఒక్క ఆదివారం. అందుకని పథకం వేశాను. ఎండాకాలం వస్తే ఆవిడకు వేడి చేస్తుంది, డాక్టరు చెప్పాడని రోజూ బార్లీ నీళ్లు తాగుతుంది. బీరు చేసేదీ బార్లీతోనే. అబద్ధం ఆడక్కర్లేదు, నిజాన్ని సగం దగ్గర ఆపేస్తే చాలు.

“ఆదివారం బెజవాడలో బార్లీ మీద ఒక శాస్త్రీయ ప్రదర్శన ఉంది” అన్నాను.

“బార్లీ మీదా?” ఉషశ్రీ పప్పు గరిటె ఆపింది. “అందులో చూడ్డానికేముంటుందండీ?”

“నానబెట్టడం, మొలకెత్తించడం, ఉడకబెట్టడం. అంతా సైన్సు.”

“అదంతా నేను రోజూ వంటింట్లో చేసేదేగా. మీరెప్పుడూ వచ్చి చూడలేదే.”

“అది వంట. ఇది పరిశ్రమ.”

“అయితే నేనూ వస్తాను. ఆరోగ్యానికి సంబంధించింది కదా.”

వద్దంటే అనుమానం. రమ్మంటే ప్రమాదం. అనుమానం కన్నా ప్రమాదమే నయమని సరే అన్నాను. ఆడవాళ్లు టూరులో పది నిమిషాలకు విసుగెత్తి కుర్చీ చూసుకుంటారనీ, ఆ కాస్త సమయంలో నా పని చక్కబెట్టుకోవచ్చనీ నా లెక్క.

ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాం. కంకిపాడు దాటాక ఎండ తగిలింది. వెనక ఉషశ్రీ ఒళ్లో స్టీలు సీసా, అందులో బార్లీ నీళ్లు.

“అక్కడ బార్లీ ఇస్తారుగా, మళ్లీ ఇదెందుకు?” అన్నాను.

“వాళ్ల బార్లీ మనకు పడుతుందో లేదోనండీ” అంది. ఆ గొంతులో ఏదో ఉంది. హెల్మెట్టులో సరిగా వినపడలేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర స్కూటరు పెట్టడానికి చోటు దొరకాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. ఆవిణ్ణి గుమ్మం దగ్గర దించి, మూడు సందులు తిరిగి వచ్చేసరికి కౌంటరు దగ్గర పేర్లు రాయించేసింది. తన చేతికి పచ్చ పట్టీ ఉంది. నా చేతికి ఎర్రది కట్టింది.

“ఎర్రదెందుకు?”

“మీకు నప్పుతుందని.”

నలుగురు కుర్రాళ్లూ, ఒక డాక్టరు దంపతులూ, మేమిద్దరం. ఓనరు సిద్ధార్థ ముప్పై ఏళ్లవాడు, గడ్డం, గోచీలా బిగించిన ఏప్రాను. స్టీలు ట్యాంకులు చూపిస్తుంటే ప్రతిదాని దగ్గరా ఒక ప్రశ్న వేశాను. ప్రశ్నలంటే తెలుసుకోవడానికి కాదు, నాకు తెలుసని తెలియజేయడానికి.

“ఈస్టు ఏ ఉష్ణోగ్రతలో వేస్తారు? పీహెచ్ ఎంత? నాది బి.ఎస్సీ. కెమిస్ట్రీ.”

“చాలా సంతోషం సార్” అన్నాడు సిద్ధార్థ. అయిదోసారి చెప్పేసరికి సంతోషం కాస్త తగ్గింది.

ఉషశ్రీకి విసుగు రాలేదు. అదే మొదటి దెబ్బ. ఈ ట్యాంకును దేంతో తోముతారు, మూత ఎన్నాళ్లకు తీస్తారు అని అడుగుతూనే ఉంది. బార్లీ బస్తాల గదిలో అయితే ఏకంగా ఒక బస్తా వెనక్కి చెయ్యి పోనిచ్చి గోడ తడిమింది. నేను చీర కొంగు పట్టి లాగాను.

“పరువు తీయకు. బస్తాలు సర్దడానికి రాలేదు మనం.”

“మరి దేనికొచ్చామండీ?” అంది అమాయకంగా.

నేను ముందుకు నడిచాను.

చివరికి పొడుగు బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అందరి ముందూ నాలుగేసి చిట్టి గ్లాసులు పెట్టారు. వాటికి మన ఊళ్ల పేర్లే. కొండపల్లి గోధుమ, గన్నవరం బంగారం, బందరు ఎరుపు, బెల్లంతో చేసిన ఉయ్యూరు నలుపు. నా ముందు మాత్రం ఒకటే పెద్ద గ్లాసు, బంగారు రంగు, పైన నురగ. చదువుకున్నవాణ్ణని మొహంలోనే తెలిసిపోయి ఉంటుందనుకున్నాను. ఉషశ్రీ ముందున్న నాలుగు గ్లాసుల వంక భయంగా చూశాను. ఆవిడ మాత్రం మజ్జిగ గ్లాసుల ముందు కూర్చున్నట్టే కూర్చుంది.

సిద్ధార్థ గొంతు సవరించుకున్నాడు. “దాచకుండా చెబుతాను. పది రోజులుగా వీటిలో ఒకదాంట్లో ఏదో తేడా వస్తోంది. బయట ల్యాబుకు పంపితే రిపోర్టు బాగానే ఉంది. నాకు అంతు దొరకడం లేదు. ఇలాగే ఉంటే ఆ రకం ఆపేయాలి. మీలో ఎవరైనా కనిపెడితే చెప్పండి.”

నా క్షణం వచ్చింది. ఒక గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని, నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాను.

“ముందు అల్లం ఘాటు. దాని వెనకాల మాల్టు తీపి, అదే మొలక బార్లీ తీపి, నెమ్మదిగా నడిచి వస్తోంది. ఆరు రోజులు పులిసింది. ఆల్కహాలు నాలుగున్నర శాతం, అరశాతం అటూ ఇటూ. దోషం ఈస్టుది. ముసలి ఈస్టు. నాకు అప్పుడే చెవులు వేడెక్కుతున్నాయంటే ఇది మామూలుగా పులవలేదన్నమాట.”

సిద్ధార్థ ఏప్రాను అంచు నలుపుతున్నాడు.

“సార్, అది జింజర్ సోడా. ఎర్ర పట్టీ అంటే బండి నడిపేవాళ్లు. వాళ్లకు మేము బీరు పోయం.”

ఇరవై రెండేళ్ల సర్వీసులో నా చెవులు నిజంగా వేడెక్కింది అప్పుడే.

కుర్రాళ్లు నవ్వు ఆపుకోవడానికి గ్లాసుల్లోకి దూరిపోయారు. అప్పుడు ఉషశ్రీ గొంతు వినపడింది.

“బాబూ, తేడా ఈ మూడోదాంట్లో ఉంది.”

“మీరు తాగలేదు కదా మేడమ్?” అన్నాడు సిద్ధార్థ. నిజమే, నాలుగు గ్లాసులూ నిండుగానే ఉన్నాయి.

“నేను తాగను బాబూ. వాసన చూశాను. మా పుట్టింట్లో దేవుడి నైవేద్యం వండుతూ రుచి చూడకూడదు. ఎంగిలైపోతుంది. నూటపాతిక మందికి పులిహోర కలిపినా ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన పట్టే చెప్పాలి. పదేళ్లప్పటి నుంచీ అదే అలవాటు. ఇందులో ముక్కిన బియ్యం వాసన వస్తోంది.”

“ముక్కిన బియ్యమా?”

“బస్తాలు తీసుకెళ్లి గోడకు ఆనించావు. ఆ గోడ అవతల ఏసీ నీళ్లు దిగుతున్నట్టున్నాయి, నేను చెయ్యి పెడితే చెమ్మగా తగిలింది. వెనక వరస బార్లీ పాడైంది. మా వైపు వడ్ల బస్తా గోడకు జానెడు ఎడంగా, కింద చెక్కలేసి పెడతారు. ఏ రైతునడిగినా చెబుతాడు.”

సిద్ధార్థ లేచి పరుగెత్తాడు. రెండు నిమిషాలకు గుప్పెడు బార్లీ పట్టుకొచ్చాడు. ఆ వాసన నా ముక్కు దాకా కూడా కొట్టింది. డిగ్రీ లేకపోయినా కొట్టేదే.

“బందరు ఎరుపుకు వాడేది ఆ వెనక వరసే మేడమ్” అన్నాడు. కూలబడి, మళ్లీ నిలబడి, చేతులు జోడించాడు. “ఆదివారాలు ఒక్క గంట వస్తారా? వాసన చూసి చెబితే చాలు. తాగక్కర్లేదు.”

నేను గట్టిగా దగ్గాను. నేనొకణ్ణి ఉన్నానని గుర్తు చేయడానికి. సిద్ధార్థ మర్యాదస్తుడు, నా గ్లాసులో ఇంకాస్త సోడా పోయించాడు.

“ఉయ్యూరు నుంచి రావాలి బాబూ” అంది ఉషశ్రీ. “మా ఆయన తీసుకురావాలి.”

“తీసుకొస్తారుగా సార్?”

అందరూ నా వంక చూశారు. మా నాన్న కూడా పైనుంచి చూస్తున్నట్టే అనిపించింది. తలూపాను.

తిరుగుదారిలో పోరంకి దాకా ఓర్చుకున్నాను.

“నీకు ఇదంతా ఎప్పుడు తెలిసింది?”

“మీరు టూరు బుక్ చేసిన రోజే. గ్యాసుకూ, కరెంటు బిల్లుకూ, రైలు టిక్కెట్టుకూ మీరు ఇచ్చేది నా ఫోన్ నంబరేగా. దీనికీ అదే ఇచ్చారు. బీరు టేస్టింగుకు స్వాగతం, బండి నడిపేవారికి పోయబడదు అని మెసేజి వచ్చింది.”

“మరి ఆ రోజే అడగొచ్చుగా?”

“అడిగితే మీరు సైన్సు చెప్పేవారు.” భుజం మీద తట్టింది. “ఏమండీ, సోడాలో అల్లం ఘాటు సరే. దాని వెనకాల మాల్టు ఎట్లా నడిచి వచ్చిందండీ?”

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళుతున్నాం. లోపల ఉషశ్రీ గ్లాసుల మీద వంగి “ఇది పరవాలేదు, ఇంకో రెండు రోజులు ఉంచు బాబూ” అంటుంటుంది. నేను కౌంటరు దగ్గర స్టీలు సీసాలో బార్లీ నీళ్లు తాగుతూ కూర్చుంటాను. టూరుకొచ్చినవాళ్లు నా ఫుల్ హ్యాండ్స్ చొక్కా, జేబులో పెన్నూ చూసి గౌరవంగా అడుగుతుంటారు, మీరిక్కడ ఏం చేస్తుంటారండీ అని.

నేను ఎర్ర పట్టీ కనపడేలా చెయ్యి పైకెత్తి, ధైర్యంగా ఉన్నమాటే చెబుతాను.

“బి.ఎస్సీ. కెమిస్ట్రీ అండీ. ఫస్టు క్లాసు. మా ఆవిడ డ్రైవర్ని.”