ఆవకాయ ముక్కలూ అబద్ధపు లోకమూ

ఆ ఆదివారం భవానీపురంలో శ్రీదుర్గ వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున్నే మామిడికాయలు కొట్టించడం, ముక్కలు తుడిచి డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో పాత చీర పరిచి ఆరబెట్టడం, మధ్యాహ్నానికి ఆవపిండీ కారమూ కలపడం. ఏడాది పచ్చడి. చుక్క నీరు తగిలితే బూజు.

అందుకే భర్తను కాపలా పెట్టింది. "కాకి వాలకుండా చూడండి. తడి తగలనివ్వకండి. అంతే."

ఊరబోయే కాయకు ఊరికే కాపలా కాసే రకం కాదు రామకోటేశ్వరరావు. మూడు వారాలుగా ఫోనులో వీడియోలు చూసి, ఈ లోకమంతా ఎవరో కంప్యూటర్లో ఆడిస్తున్న ఉత్తుత్తి ఆట అని తేల్చేశాడు. ఆవగింజంత అనుమానం కూడా లేదు. బుద్ధి మాత్రం సరిగ్గా అంతే ఉంది. ముక్కల పక్కన కూర్చుని మానవజాతి భవిష్యత్తు మీద బెంగపడి, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "పైవాళ్లు స్విచ్ ఆపేస్తే అంతా ఆగిపోతుంది. ఏ క్షణమైనా జరగొచ్చు. సిద్ధంగా ఉండండి."

పెట్టిన మనిషి కరెంటాఫీసు గుమాస్తా. ఇంకేముంది! మూడో అంతస్తు ముబీనా "కరెంటు తీసేస్తారంట" అంది. రెండో అంతస్తులో అది రోజంతా అయింది. కిందికి చేరేసరికి రెండు రోజులు. అందరూ కలిసి వాచ్‌మన్ మీద పడ్డారు.

"మోటారెయ్యి జక్కయ్యా! ట్యాంకు నిండా పట్టెయ్!"

జక్కయ్య మోటారు వేసి, తన బిందెలు వెతుక్కోడానికి పోయాడు. ట్యాంకు నిండింది, పొంగింది, చీర మీదికి దూకింది. రామకోటేశ్వరరావు కాళ్లకు చల్లగా తగిలింది. లేచాడనుకుంటున్నారా? కళ్లు మూసుకుని, ఈ తడి కూడా ప్రోగ్రామే అనుకున్నాడు.

శ్రీదుర్గ పైకొచ్చేసరికి ముక్కలు ఈత కొడుతున్నాయి.

"ఏవండీ! ఏంటండీ ఇది?"

"కంగారుపడకు దుర్గా. నీళ్లు నిజం కాదు. కాయలూ నిజం కాదు."

వెనకే వచ్చిన ముబీనా, "కరెంటు ఎన్నింటికి పోద్ది అన్నయ్యగారూ?" అనడిగింది.

"పోయేది కరెంటు కాదమ్మా, విశ్వం!"

"అంతేనా! చంపేశారు. అయితే మిక్సీ వేసుకుంటా" అని ఆమె దిగిపోయింది.

మధ్యాహ్నం శ్రీదుర్గ భర్త ముందు కంచం పెట్టింది. ఖాళీది.

"అన్నమేదే?"

"వడ్డించానుగా. ముద్దపప్పు, నెయ్యి, కొత్తావకాయ. కలుపుకోండి."

"ఆకలేస్తోందే!"

"అదీ ప్రోగ్రామేనండీ."

మూడింటికి, మండుటెండలో, రామకోటేశ్వరరావు మార్కెట్లో సంచీ పట్టుకుని, కాయలు నిజంగా పుల్లనివేనా అని ఒక్కొక్కటీ కొరికి మరీ చూస్తున్నాడు.